షావుకారు రెండుసార్లు చచ్చాడు

హలో… ఆ, నేనేనే మరదలా. ఈ మండుటెండలో నీకు ఫోన్ చేసేంత తీరిక ఇంకెవరికుంటుంది?

…కోపంగానే ఉన్నాను. గొంతులోనే తెలిసిపోయిందా? ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకానివి కదా, ఎందుకో కూడా నువ్వే చెప్పు.

…కాదు.

…అదీ కాదు. మీ అన్నయ్య మీద కోపమైతే మీ అన్నయ్యకే చేస్తాను. మధ్యలో నువ్వెందుకు?

వారపత్రిక ఆఫీసు నుంచి వస్తున్నా. ఈ వారం మనిద్దరి సీరియల్ పేజీలు… ఆ, ఇచ్చాను, ఇచ్చాను. అది కాదు విషయం. సబ్ఎడిటర్ ఉన్నాడు కదా, ఆ బట్టతలాయన. నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి, ఇకిలించుకుంటూ, "షావుకారు రెండుసార్లు చచ్చాడు కదండీ, కవల తమ్ముణ్ణి పెట్టి భలే కాపాడారండీ మీ మరదలుగారు" అన్నాడు.

…

ఏం మాట్లాడవే? లైన్లో ఉన్నావా?

…ఉన్నావ్. సరే. అప్పుడు నేనేం చేశానో తెలుసా? నవ్వాను. అంతా తెలిసినదాన్లా నవ్వి, "ఆ, మా ఇంట్లో అంతేనండీ, ఒకళ్ళు చంపుతారు, ఒకళ్ళు పుట్టిస్తారు" అన్నాను. ఆయనకి భలే నచ్చింది. ప్యూనుని పిలిచి టీ చెప్పబోయాడు. నేను ఆగలేదు.

…ఆగలేదంటే ఆగలేదు. ఒళ్ళు మండి చర్రున లేచి వచ్చేశా. ఏ గుమ్మంలోంచి బయటపడ్డానో కూడా చూసుకోలేదు.

ఇప్పుడు చెప్పు. ఆ షావుకారుకి కవల తమ్ముడెక్కణ్ణుంచి పుట్టుకొచ్చాడు?

…నీళ్ళు నమలకు.

…మొదటిసారి గోడౌన్ కప్పు మీద నుంచి పడ్డాడు. ఆ, నేనే పడేశాను. తన గోడౌన్‌కి తనే నిప్పు పెట్టించుకున్న వెధవ, మన హీరోయిన్ పిడుగు చేతికి చిక్కకుండా పారిపోతూ, రేకు విరిగి పడి చచ్చాడు. బాగా రాశాను. అది గుర్తుంది నాకు. మరి రెండోసారి?

…కాలవలోనా.

…నేనే రాశానా? నా చేత్తో?

…ఊఁ.

…"ఈసారి ఒడ్డుకి చేరలేదు" అని కూడా రాశానా! బాగుంది. చచ్చినవాణ్ణి లేపి, కాలవ దాకా పరిగెత్తించి, ముంచి మరీ చంపానన్నమాట. పాపం, ఏం పాపం చేసుకుని పుట్టాడో.

…నవ్వకు. నవ్వించడానికి అనట్లేదు నేను. అసలు నా పేజీ మీద చెయ్యి వేసే అధికారం నీకెవరిచ్చారే? మన ఒప్పందం ఏంటి? చెప్పు. నీ వంటింటి బల్ల దగ్గర కూర్చుని నువ్వు పెట్టిన షరతే కదా!

…ఆ. "వదినా, నీ పేజీ మీద నా కలం పడదు, నా పేజీ మీద నీ కలం పడదు." అంతేనా? బయట నాది, ఇల్లు నీది. సైరన్లూ, నిచ్చెనలూ, మంటలూ, షావుకార్లూ నావి. పిడుగు మొగుడూ, కూతురూ, పొయ్యి మీద పొంగిపోయే పాలూ నీవి. ఫైరాఫీసరు ఉద్యోగం నేనిచ్చాను, ఇంటికొచ్చి బూట్లు విప్పడం నువ్వు నేర్పావు. ఇన్నేళ్ళలో నీ వాక్యంలో ఒక్క కామా కదిపానా నేను?

…ఈ వారం సంగతి తరవాత.

…తరవాతన్నానా!

ఉండు. రోడ్డు దాటుతున్నా.

…

ఆ, దాటాను. ఏం లేదు, హారన్లు. ఇక్కడ బ్రేకు తొక్కడం నామోషీ అనుకుంటారు జనం.

…బస్టాపుకే. ఇంకెక్కడికెళ్తాను? ఈ సందు తిరిగితే వచ్చేది అదే. ఇక్కడ బట్టలు కుట్టే కొట్టొకటి ఉంది, ఆవిడ మిషను ఏకంగా వీధిలోకి లాక్కుని నీలం గొడుగు కింద కూర్చుంది. దాని పక్కన తాళాలు బాగుచేసేవాడు. ఇక బస్టాపు.

…ఉంటుంది. ఎక్కడికి పోతుంది?

నువ్వు మాట మార్చకు. కవల తమ్ముడి సంగతి అలా ఉంచి, ఈ వారం నీ పేజీ సంగతి కూడా తేలుద్దాం రా. పిడుగు డ్యూటీ నుంచి ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా స్నానాలగదిలోకి పోయి, గడియ పెట్టుకుని, ఎవరికీ వినపడకుండా కుళాయి తిప్పి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని వణుకుతుందా? నా పిడుగు?

…సరే, మన పిడుగు. ఎవరి పిడుగైతేనేం? ముసలాయన్ని వీపున కట్టుకుని నిచ్చెన దిగిన మనిషి, ఇంటికొచ్చి బకెట్టు మీద కూర్చుని ఏడుస్తుందా? తాటాకు చప్పుళ్ళకి బెదిరే కుందేలా అది?

…ఎవరు? మనం వివరాలు అడగడానికి వెళ్ళామే, ఆ ఫైర్‌స్టేషన్‌లో ఆవిడా? చెప్పింది, నాకూ గుర్తుంది. డ్యూటీ అయ్యాక బండి స్టార్ట్ చెయ్యకుండా కాసేపు అలా కూర్చుండిపోతానంది. అంది. అంటే మాత్రం? ఆవిడ మనిషి. మనం రాసేది మనిషినా?

…మనిషినే అంటావ్. నేనేమంటానో విను. వణికేవాళ్ళకి తక్కువా ఈ లోకంలో? ప్రతి ఇంట్లో ఒకత్తి ఉంటుంది. అద్దంలో చూసుకుంటే కనబడుతుంది. దానికోసం పత్రిక కొనుక్కోవాలా? ఒక్కత్తి… వణకనిది ఒక్కత్తైనా ఉండొద్దా, కనీసం కాగితం మీద?

…గొంతేమీ మారలేదు. ఎండకి.

…ఆ. కొట్టేశాను.

…ఇందాకే. ఆఫీసులోనే. ఆయన నవ్వుతున్నాడు, నేనూ నవ్వుతూనే ఆయన జేబులో కలం అడిగి తీసుకుని, ఆయన బల్ల మీదే నీ పేజీకి అడ్డంగా రెండు గీతలు గీశాను. కుళాయీ లేదు, బకెట్టూ లేదు. ఇంటికొచ్చింది, పడుకుంది. అయిపోయింది. నువ్వు దొంగచాటుగా తమ్ముణ్ణి పుట్టిస్తే తప్పు లేదు గానీ, నేను బకెట్టు తీసేస్తే తప్పా? చెల్లుకు చెల్లు.

…

ఏంటా నిట్టూర్పు? తిట్టొచ్చు కదా. తిట్టు. నీకు తిట్టడం కూడా రాదు. ఎప్పుడూ…

…ఇదేంటి?

…ఏం లేదు. ఇంకో బట్టలు కుట్టే కొట్టు. ఇక్కడా నీలం గొడుగే. ఈ వీధిలో అందరూ ఒకే చోట గొడుగులు కొన్నట్టున్నారు.

…చెప్పాను కదా, బస్టాపు దగ్గర.

…దగ్గరంటే దగ్గరే.

…పక్కన ఏముందా? అన్నీ ఉన్నాయి. కొట్లున్నాయి, మనుషులున్నారు. ఏంటే ఈ పోలీసు ప్రశ్నలు? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?

ముందు నేనడిగినదానికి చెప్పు. షావుకారు ఒక్కడేనా?

…

ఒక్కడేనా అని అడుగుతున్నా. నా మీద ఒట్టేసి చెప్పు.

…ఫైరింజన్ డ్రైవర్ బాబాయి కుంటికాలు. ఎడమది. …ఒక వారం కుడి రాశానా? అది ఎవరైనా రాస్తారులే. వాడే మర్చిపోయి ఉంటాడు.

…ఊఁ.

…పిడుగు కూతురి పేరా? ఏమని రాశాను?

…

…అది మా అమ్మ పేరు కదే.

…లేదు, వింటున్నాను. ఇంకా?

…బళ్ళో నిప్పు. అవును, రాశాను, మూడో అంతస్తులో ఇరుక్కున్న చిన్నపిల్ల. …తరవాతి వారం కూడానా? అదే బడి, అవే మెట్లు, అదే పిల్ల? మరి నేను చదివినప్పుడు అచ్చులో అలా లేదే. ఆ వారం పడవల రేవులో నిప్పు కదా?

…నువ్వు రాశావా.

…మొత్తం నువ్వే రాశావా! ఆ తాళ్ళకి నిప్పంటుకోవడం, పడవ విడిపోవడం, పిడుగు నీళ్ళలోకి దూకడం… బయట కూడా నువ్వే రాశావన్నమాట. నేనేమనుకున్నానో తెలుసా? పత్రిక చేతికి రాగానే చదివి, "అబ్బ, ఇది భలే రాశానే నేను" అనుకున్నాను. మీ అన్నయ్యని కూర్చోబెట్టి పైకి చదివి వినిపించాను కూడా! ఆయన చప్పట్లు కొట్టాడే!

…ఏడుస్తున్నావా?

…జలుబు కాదు, ఏడుస్తున్నావ్. నువ్వెందుకే ఏడవడం? అంత బాగా రాసి ఏడుస్తారా ఎవరైనా?

…ఎప్పట్నుంచి జరుగుతోంది ఇది?

…పోయిన వేసవి నుంచి.

ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నావా? వారం వారం మా ఇంటికొస్తున్నావ్, నవ్వుతున్నావ్, నేనిచ్చిన టీ తాగుతున్నావ్, నా పేజీలు సంచీలో పెట్టుకుపోయి రాత్రంతా కూర్చుని దిద్దుతున్నావ్. పొద్దున్నే మళ్ళీ ఏమీ ఎరగనట్టు, "వదినా, ఈ వారం అదరగొట్టావ్" అంటున్నావ్.

…నాకు తెలుసో లేదో తెలీక ఊరుకున్నావా?

…తెలుసే.

ఏం, తెలీదనుకున్నావా? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు తాగుతున్నాను. రాయబోయిన మాట కలం దాకా వచ్చి వెనక్కి పోతుంది. గదిలోకి ఎందుకొచ్చానో తెలీక గోడ మీద చెయ్యేసి నిలబడతాను. మీ అన్నయ్య చూస్తే, గోడకి చెమ్మ పట్టిందేమో చూస్తున్నానంటాను. ఆయన పాపం సున్నం వేసేవాణ్ణి పిలుస్తానంటాడు.

…మా అమ్మలాగే.

…నువ్వు చివర్లో చూశావ్ మా అమ్మని. మొదట్లో చూడలేదు. మొదట్లో ఆవిడ అందర్నీ "బంగారం" అనేది. పాలవాణ్ణీ, పక్కింటావిడనీ, నన్నూ. "మీ అమ్మగారిది ఎంత తియ్యటి నోరండీ" అని వీధి వీధంతా మెచ్చుకునేది. నేనూ మురిసిపోయాను. పేర్లు పోయాయే ఆవిడకి! పేర్లన్నీ పోతే, ఆ ఒక్క మాట పట్టుకుని నెట్టుకొచ్చింది. ఒక్కళ్ళకి చెప్పలేదు. మాకు తెలిసేసరికి మొహాలు కూడా పోయాయి. ఒకరోజు నేను గుమ్మంలో నిలబడితే, నవ్వుతూ, "ఎవరు కావాలి బంగారం?" అంది.

…నన్నే.

…అందుకే నేనెవర్నీ ముద్దుగా పిలవను, చూడు. తిడతాను గానీ.

…

మరదలా.

…ఒక్కమాట చెప్తాను. కంగారు పడకూడదు. అరిచావంటే ఫోన్ పెట్టేస్తాను.

ఈ బట్టలు కుట్టే ఆవిడ ముందు నుంచి ఇందాకట్నుంచీ వెళ్తూనే ఉన్నాను. వేరే వేరే కొట్లు కావు. ఒకటే కొట్టు. గొడుగూ ఒకటే. ఇప్పుడు నన్ను చూసి తల కూడా ఊపిందావిడ, రోజూ కనబడే మనిషికి ఊపినట్టు.

…బస్టాపు లేదే. ఎటు తిరిగినా లేదు.

…ఆఫీసు కూడా కనబడట్లేదు, వెనక్కి పోదామన్నా. ఎన్నేళ్ళుగా వస్తున్నాను ఈ దారిన! కళ్ళకి గంతలు కట్టినా నడుస్తాననుకునేదాన్ని.

…అరవద్దన్నానా!

…కాళ్ళు బానే ఉన్నాయి. సంచీయే కొంచెం బరువుగా ఉంది.

…మ్యాపులా? నాది నొక్కుడు బటన్ల ఫోను, మ్యాపులెక్కడుంటాయి? మీ అన్నయ్య కొంటానంటే నేనే కదా వద్దన్నాను, పళ్ళెమంత ఫోను ఎవడు మోస్తాడని.

…బోర్డులు చదువుతూనే ఉన్నాను. అన్నీ సెల్‌ఫోన్ల ప్రకటనలే, వీధి పేరు ఒక్క గోడ మీదా లేదు. చదవడం వచ్చులే, ఇంకా అంతదాకా రాలేదు.

…అడగను.

…ఎవర్నీ అడగనంటే అడగను. మొదట్లో ఒకాయన్ని అడిగాను, నీకు ఫోన్ చెయ్యకముందు. కుడికి వెళ్ళి ఏదో దాటి ఎడమకన్నాడు. సరేనని చకచకా నడిచాను. మలుపు తిరిగేసరికి ఆయన చెప్పింది పోయింది. ఎడమ ముందా, కుడి ముందా? వెనక్కొస్తే ఆయన లేడు. ఉన్నా మళ్ళీ ఏ మొహం పెట్టుకుని అడగను?

…ఆ, అందుకే చేశాను నీకు. తిట్టడానికి కూడా చేశాను. తిడుతూ నడిస్తే ఈలోగా బస్టాపు అదే వస్తుందనుకున్నాను. నువ్వు ఫోనెత్తేదాకా రింగులు లెక్కపెట్టాను. నీ "హలో" వినగానే ఎక్కడలేని కోపం వచ్చేసింది. కోపం వస్తే హాయిగా ఉంటుందే. కాసేపు వేరే భయం ఉండదు.

…"దారి తప్పాను" అనాలా? ఈ తలకి తెల్లవెంట్రుకలు పెట్టుకుని? నలుగురూ చేరతారు. "పాపం ఎవరో ముసలావిడ, ఇల్లు మర్చిపోయిందట" అంటారు. ఎవరో ఒకడు చెయ్యి పట్టుకుంటాడు. నాకొద్దు.

…పిడుగైతే అడిగేది కాదు.

…

ఏమన్నావ్? మళ్ళీ చెప్పు. బండి పోయింది, వినపడలేదు.

…ఎప్పుడు?

…మా ఇంట్లోనా.

…నీ దగ్గరున్న తాళంచెవితో లోపలికి వచ్చేశావన్నమాట. మీ అన్నయ్య బయటికెళ్ళాడనుకుని నేను… కుళాయి చప్పుడు ఎంతసేపు విన్నావ్?

…తలుపు కొట్టాల్సింది.

…లేదులే. కొట్టకపోవడమే మంచిది. కొట్టుంటే చచ్చిపోయేదాన్ని సిగ్గుతో.

…అయితే బకెట్టు మీద కూర్చున్నది నేనా.

…తెలుసు. పేజీ చదవగానే తెలిసింది. నా బకెట్టు నేను గుర్తుపట్టనా? అందుకే కొట్టేశానే. పిడుగు కోసం కాదు. అచ్చులో నన్ను అంతమంది చూసేస్తారని. అదిగో, ఆయన కవల తమ్ముడి కబురు చెప్పడం, నేను కలం అందుకోవడం.

…ఏడవడం గురించి కాదా? మరి దేని గురించి రాశావ్?

…

…అవునా. అలా అన్నానా నేను?

…కుళాయి కట్టేసి, మొహం కడుక్కుని, బయటికొచ్చి, నిన్ను చూసి, "ఎప్పుడొచ్చావే దొంగమొహమా, టీ పెడతానుండు" అన్నానా. గడియ తీసిన ఆ చప్పుడు రాయాలనుకున్నావా. గడియ పెట్టుకోకపోతే తియ్యడం ఎలా రాస్తానంటావ్. …తరవాతి వారం రాద్దామని దాచుకున్నావా? ముందే చెప్పొచ్చు కదే మొద్దూ! నేనేమో సగం చూసి…

…సరే.

…సరే అన్నానుగా. అడుగుతాను. ఉండు. నువ్వు మాత్రం పెట్టెయ్యకు. పెట్టేశావంటే చంపుతాను.

అమ్మా… ఇదిగో, అమ్మా. …ఆ, మిమ్మల్నే. కుట్టించుకోవడానికి కాదమ్మా. నేను… నేనిక్కడికి…

…ఉండవే, చెప్తున్నా. తొందరపెట్టకు.

అమ్మా, నేను దారి తప్పాను. నాకు మా ఇంటికెళ్ళే దారి గుర్తు రావట్లేదు. ఎంత తిరిగినా మీ దగ్గరికే వస్తున్నాను. ఫోన్లో మా మరదలుంది. ఇది ఏ వీధో, ఎలా రావాలో దానికి చెప్పండి కొంచెం. నాకు చెప్పకండి, నేను మర్చిపోతాను. దానికి చెప్పండి.

…

ఆ, నేనే. తీసుకున్నాను. ఏమంది నీతో?

…అంత దగ్గరా! వెనక గుమ్మంలోంచి వచ్చేశానా ఆఫీసు నుంచి? అందుకా. …లేదులే, అందుకొక్కటే కాదు. నువ్వు నాకు సాకులు వెతక్కు.

…కూర్చున్నాను. ముక్కాలిపీట వేసింది. నీళ్ళిచ్చింది. ఏమీ అడగలేదే మరదలా. ఇల్లెక్కడ, పిల్లలెంతమంది, ఏం జబ్బు… ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. "కూర్చోండి, ఈ గుండీలు కుట్టేదాకా నేనెక్కడికీ పోను" అంది, మిషను తొక్కుకుంటోంది. అడిగితే ఆకాశం విరిగి పడుతుందనుకున్నాను ఇందాకట్నుంచీ.

…పత్రికలు చదవదట. అడిగాను. బతికించింది.

…టాక్సీ ఎక్కావా? డ్రైవర్‌తో మెల్లిగా పొమ్మని చెప్పు. …వద్దులే, తొందరగానే రా.

ఈలోగా ఓ పని చెయ్యాలి. సబ్ఎడిటర్‌కి చెప్పు, నేను కొట్టేసింది మళ్ళీ పెట్టమని. సాయంత్రానికి పేజీ కట్టి అచ్చుకి పంపేస్తారు. …నా ఫోన్ పెట్టేసి కాదు! ఆ టాక్సీ అతని ఫోన్ అడుక్కుని చెయ్. గీతల కింద అక్షరాలు కనబడుతూనే ఉంటాయి. ఆయన కలం సరిగ్గా పడలేదు. …ఆ, వింటాను. చెప్పుకో. ఆగుతాను.

…

ఏమన్నాడు?

…ఆయనా కొట్టెయ్యలేకపోయాడా. నేను వెళ్ళాక కూర్చుని చదివాడా. ఊఁ. పెద్దమనిషే.

ఇంకోటి. ఇకమీద నా పేజీ మీద నీ కలం పడనీ. కానీ చెప్పి దిద్దు. "వదినా, షావుకారు చచ్చాడు, మళ్ళీ చంపకు" అని నా మొహం మీద చెప్పు. నాకు తెలీకుండా కవలల్ని పుట్టించకు. …తిడతాను. తప్పకుండా తిడతాను. తిట్టించుకో.

…డాక్టరు దగ్గరికా. వెళ్దాం. …వచ్చే వారం. …సరే, రేపే. కానీ నువ్వు లోపలికి రావాలి. బయట బల్ల మీద కూర్చుంటానంటే కుదరదు. లోపల ఆయన అడిగినవాటికి నేను తప్పు చెప్పాననుకో, నువ్వు దిద్దకూడదు. అలవాటు కొద్దీ అందించావంటే ఆయన నాకేం లేదనేస్తాడు. తప్పు తప్పులాగే ఉండనీ. ఆ ఒక్కచోట మాత్రం నా మీద చెయ్యి వెయ్యకు.

…మీ అన్నయ్యకి నేనే చెప్తాను. ఆయనకీ తెలుసేమోలే. ఆమధ్య టీలో పంచదార రెండుసార్లు వేశాను, గుటక మింగి "బాగుంది" అన్నాడు. ఊరికే మింగేంత మంచి మనిషేం కాదు ఆయన, నీకు తెలుసు కదా.

…

ఎంతదాకా వచ్చావ్?

…మరదలా, ఓ మాటడగనా? నువ్వు ఇవాళ ఏ రంగు వేసుకున్నావ్?

…ఊరికే.

…ఊరికే అడిగానన్నానా, చెప్పు ముందు.

…పసుపు. లేతదా, ముదురుదా? …పసుపు. సరే. పసుపు.

…ఎందుకంటే… వీధి నిండా జనం. టాక్సీలు ఆగుతున్నాయి, ఆడవాళ్ళు దిగుతున్నారు. ఒక్కొక్కళ్ళనీ చూస్తున్నాను. ఇందాక నీ మొహం ఎలా ఉంటుందో తలుచుకుందామని చూస్తే, వచ్చింది. వచ్చి, కాసేపుండి, ముక్కు దగ్గర కొంచెం… నాకు భయంగా ఉందే. దారి పోయింది సరే. షావుకారు పోయాడు సరే. నువ్వొచ్చి ఎదురుగా నిలబడితే, నేను పిచ్చిమొహం వేసుకుని నవ్వితే?

…ఏమీ అనకు. ధైర్యం చెప్పకు. నువ్వు చెప్తే ఏడుపొస్తుంది. లైన్లో ఉండు, చాలు.

…దిగావా? ఎటువైపు?

…ఇక్కడ పసుపు వేసుకున్నవాళ్ళు ముగ్గురున్నారే!

…వద్దు, చెయ్యి ఊపకు. ఊపకు! పేరు పెట్టి పిలవకు. నన్ను చూడనీ.

…ఒకావిడ చెప్పుల కొట్లోకి పోయింది. ఇంకొకావిడ పిల్లాణ్ణెత్తుకుంది. కాదు.

…

…అదిగో. ఎదురొచ్చిన ప్రతివాడూ తప్పుకోవాల్సిందే తప్ప తను తప్పుకోదు. బస్సుని కూడా కసురుకుంటూ వస్తోంది. భుజం ముందు, మనిషి వెనక. నువ్వే. నువ్వే కదే!

…రంగు చూసి కాదు. మొహం ఇంకా ఆనట్లేదు, ఎండ కళ్ళలో పడుతోంది. నడక చూసి. ఇంతకాలం పిడుగు నడక నేనెక్కణ్ణుంచి తెచ్చి రాశాననుకున్నావ్?

…పరిగెత్తకు, పడతావ్. ఎక్కడికీ పోను, ఇక్కడే ఉన్నాను. పెట్టేస్తున్నా.